పడవ షాఫ్టు నేనే మారుస్తనన్న

నవ్వుండ్రి, నవ్వుండ్రి. గని చాయ్ మీద పోసుకోకుండ్రి. పోయిన నెల నేనొక పడవను ముంచిన. తుఫాన్‌ల కాదు, సముద్రంల కాదు. సాతంరాయి దగ్గర మా రిసార్టు చెరువుల, ఒడ్డు పక్కన, పట్టపగలు, నా సొంత చేతులతోని!

మా సంగతి మీకెరుకే కదా. మహేశ్వరం దిక్కు మాకు వానకు పండే చెల్క ఉండె. బాపు బోరు మీద బోరు ఏసిండు. ప్రతి బోరుకు పూజ, ప్రతి బోరుకు కొబ్బరికాయ. లేచింది మాత్రం దుమ్మే. ఎయిర్‌పోర్ట్ వచ్చినంక ఆ చెల్క ప్లాట్లయింది. నేను ట్రాక్టర్ మెకానిక్ పని ఇడిచిపెట్టి గీ రిసార్టుల పడవ డ్రైవర్నైన. చుక్క నీళ్లు చూడని ఇంట్ల పుట్టినోడు పడవ నడుపుతున్నడని బాపు ఊరంత చెప్పుకున్నడు. నాకు తెల్ల టోపీ ఇచ్చిండ్రు. పిల్లలు "కెప్టెన్ అంకుల్" అనేటోళ్లు. నిజం చెప్తున్న, గా పిలుపు కోసమే పొద్దుగాల లేచేటోన్ని.

ఇగ వినాయక నిమజ్జనం అయినంక ఒక రోజు, చెరువు నడుమ పడవ కటక్కుమన్నది. వినాయకుల ఇనుప చట్రాలు అడుగున పడి ఉంటయ్ కదా, అండ్ల ప్రొపెల్లర్ ఇరికింది. ఇంజన్ నుంచి వెనక రెక్కల దాక పోయే కడ్డీ, అదే షాఫ్టు, రెక్కల దగ్గర వంగిపోయింది. దేవుణ్ణే ముంచినోళ్లం, మాకు పడవ ఒక లెక్కనా!

మా మేనేజర్ గోదావరి దిక్కాయన. మాట మాత్రం వెన్నపూస.

"చూడండి నర్సింహ గారూ, ఎల్లుండి పెళ్లికొడుకు పడవలోనే మండపానికి రావాలి. మీ వల్ల కాకపోతే చెప్పేయండి. మా వైపు నుంచి పడవనీ, నడిపే మనిషినీ కూడా రప్పిస్తాను."

మనిషిని కూడా! నా టోపీ ఇంకొకని నెత్తి మీద కనబడ్డది నాకు.

"నేనే మారుస్త సార్. కొత్త షాఫ్టు తెప్పియ్యుండ్రి, చాలు."

"పడవని ఒడ్డు మీదకి లాగించమంటారా? క్రేన్ చెప్తాను."

"షాఫ్టు మార్చనీకి క్రేన్ ఎందుకు సార్? ఎన్ని ట్రాక్టర్లకు మార్చలే! షాఫ్టంటే షాఫ్టే!"

గీ మాటను ఎవరన్న బండ మీద చెక్కిచ్చి మా ఇంటి ముందర పాతుండ్రి.

తెల్లారి కొత్త షాఫ్టు వచ్చింది. బాపు నాకు సద్ది తెచ్చిండు. మంచిగైందని ఆయనను పడవల కూసోబెట్టిన. ఇంజన్ దగ్గర బోల్టులన్నీ ఊడదీసిన. ఇగ షాఫ్టును వెనకకు గుంజుడే మిగిలింది. ఛాతీ లోతు నీళ్లల్ల దిగి పడవ వెనక నిలబడి రెక్కలు పట్టుకున్న. కొత్త షాఫ్టు గోనె సంచిల చుట్టి భద్రంగ పెట్టిన. ఏడ? ఒడ్డు మీద!

"బాపూ, లోపల్నుంచి జర నూకు!"

"నూకుతున్న రా!"

ఒక్క గుంజు గుంజిన. సర్రున వచ్చేసింది! "చూసినవా బాపూ నీ కొడుకు పని!" అని ఒర్రిన. లోపల బాపు నాకంటె గట్టిగ ఒర్రుతున్నడు.

"పడ్డయ్ రా! నీళ్లు పడ్డయ్!"

నాకు సమజ్ కాలే. తొంగి చూస్తే, షాఫ్టు ఊడిన బొక్కల నుంచి నీళ్లు ఎగజిమ్ముతున్నయ్. బాపు రెండు చేతులు జోడించి నిలబడ్డడు. జిందగీ అంత బోరు బొక్కల మీద వంగి ఎదురు చూసిన మనిషాయె. నీళ్లు కనబడంగనే చేతులు వాటంతటవే లేసినయ్.

"బాపూ, దండం కాదు! బొక్క మూయి!"

"నీళ్లు పడ్డ బొక్కను ఎవరన్న మూస్తరా రా?"

తన కాళ్లు తడిసినంక ఆయనకు సోయి వచ్చింది. తువ్వాల కుక్కిండు. అది కొట్టుకొచ్చింది. మడమ అడ్డం పెట్టిండు. ఆగలే. పాత షాఫ్టునన్న మళ్ల దోపుదమంటే, సంబరంల నేను దాన్ని ఎప్పుడో నీళ్లల్ల ఇడిచిపెట్టిన. ఒడ్డుకు ఉరికి, గోనె సంచి ముడులు ఇప్పి, కొత్తది పట్టుకొచ్చే వరకు ఇంజన్ బుడబుడమన్నది. పడవ నిమ్మళంగ అడుగున కూసున్నది. బాపు నడుం లోతు నీళ్లల్ల, సద్ది గిన్నె నెత్తి మీద పట్టుకొని, నా దిక్కు చూసిండు.

"ఇవే నీళ్లు మన చెల్కల పడి ఉంటే ఎంత బాగుండె రా."

మీరు నవ్వుతున్నరు గని, గా మాటకు నాకు ఇప్పటికి నవ్వు రాదు. ఎన్ని మొక్కులు మొక్కినా రాని నీళ్లు, నా కొలువు ముంచనీకి మాత్రం పిలవకనే వచ్చినయ్.

పెళ్లికొడుకు వేరే పడవల వచ్చిండు. నడిపినోడు నా టోపీ పెట్టుకున్నడు. పాడుగాను, వానికి మంచిగనే కుదిరింది!

అయితే నన్ను పనిలకెళ్లి తీసెయ్యలే. మేనేజర్ గారు మెత్తని మనిషి కదా! మునిగిన పడవను క్రేన్‌తోని బయటికి తీపిచ్చి, గేటు పక్కన గడ్డిల పెట్టిచ్చి, దాని నిండ మట్టి పోసి బంతి చెట్లు నాటిచ్చిండు. వచ్చినోళ్లు దాని ముందర ఫొటోలు దిగుతున్నరు.

"మీ చేతికి అలవాటైన పనే ఇచ్చానండీ" అన్నడు.

ఇగ పొద్దు పొద్దుగాల పైపు పట్టుకొని పడవల నీళ్లు పోసుడే నా డ్యూటీ.