మాజోండి డబ్బాలో రాతిపురుగులు

మా ఎసిగోదిని ఊళ్ళో మ్యాన్‌హోల్ పొంగిందంటే వీధిలో ముందు వినపడేది మాజోండి గొంతే.

"ఎవరే తల్లీ, మళ్ళీ మిగిలిన మొక్కజొన్న ఉఫుతు ముద్దంతా మురుగ్గొట్టంలో పోసింది? అది పొంగి ఎక్కడికి పోతుందనుకున్నారు? మీ గొడ్లు తాగే వాగులోకే!"

ఏడేళ్ళుగా అదే పని ఆవిడకి. ఇంటింటి తలుపూ తట్టి చెప్పేది. నెలకోసారి వాగులో దిగి, కాలితో రాళ్ళు కదిపి, వలలో పడ్డ పురుగుల్ని తెల్లటి ఐస్‌క్రీమ్ డబ్బాలో పోసి చూసేది. ఏ పురుగుంటే నీళ్ళు ఎంత బాగున్నట్టో, వాగుని కనిపెట్టి చూసే మా గుంపులో అందరికీ నేర్పింది ఆవిడే. చూసినవి పుస్తకంలో రాసే పని నాది.

నొక్వాజికి వల పట్టడం నేర్పింది కూడా ఆవిడే. ఆ పిల్లకి ఇరవయ్యారేళ్ళు. గుంపులోకి వచ్చిన ఏడాదికే బళ్ళో పిల్లల చేత మురుగు మీద నాటకం వేయించింది. తనే జలగ వేషం కట్టి పాడుతుంటే ముసలాళ్ళు కూడా పొట్ట పట్టుకుని నవ్వారు. వంతెనకి పైన ఆమె చూసే చోట నీళ్ళు తేటపడ్డాయి. కింద మాజోండి చూసే చోట పగిలిన మ్యాన్‌హోల్ ఉంది. ఎన్ని తలుపులు తట్టినా ఆవిడ డబ్బాలో మురికినీళ్ళలో బతికే జలగలూ ఎర్రపురుగులే.

రేడియో వాళ్ళు వచ్చి నొక్వాజితోనే మాట్లాడారు.

"నాకు నేర్పింది నువ్వేనని చెప్పానమ్మా. ఆ ముక్క కోసేశారు," అంది నొక్వాజి.

"కోసెయ్యరూ మరి! ఈ ముసలి గొంతు ఎవడిక్కావాలి?" అని నవ్వింది మాజోండి. ఆ నవ్వు పెదాల మీదే ఆగిపోయింది. మా ఇంటికొచ్చి నాతో అంది: "దాని పేరు వింటే ఒళ్ళు మండిపోతోందే ఫుమ్లా. నేను పట్టించిన వలే కదే అది!"

ఆ ఆదివారం చర్చి అయ్యాక కొండమీద తమ్ముడి ఊరికి వెళ్ళింది. అక్కడి ఊటలో రాతిపురుగులుంటాయి. రెండు తోకల పురుగు, చల్లటి శుభ్రమైన నీళ్ళు తప్ప దానికి పడవు. మూడింటిని జాం సీసాలో వేసుకుని, తడిగుడ్డ చుట్టి తెచ్చింది. మర్నాడు పొద్దున మేమంతా ఒడ్డున ఉండగా, వల దులిపే వంకతో డబ్బాలోకి జారవిడిచింది.

మా గుంపు పెద్ద సిటోలే మాస్టారు డబ్బా మీదకి వంగి, "మాజోండీ! ఇక్కడ రాతిపురుగా!" అని కేకేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నొక్వాజి మాత్రం డబ్బా వంక చాలాసేపు చూసి, తర్వాత కొట్టింది. ఆ ఒక్క పూటా మాజోండి మొహం పెళ్ళికూతురి మొహంలా వెలిగిపోయింది.

ఆ పూట లెక్క కాగితం మీద ఎక్కించి, మాస్టారు మురుగ్గొట్టాల పని చూసే ఆఫీసుకి పంపారు. మూడు వారాలకి జవాబొచ్చింది. వాగు తనంతట తనే బాగుపడుతోంది కనుక మ్యాన్‌హోల్ దగ్గర మీరడిగిన కొత్త గొట్టం సంగతి ఈ ఏడు ఆపుతున్నాం, అని.

మీటింగులో మాస్టారు ఆ ఉత్తరం చదువుతుంటే మాజోండి కొంగు నలుపుతూ కూర్చుంది. చివరికి లేచింది.

"ఆ పురుగులు వాగువి కావు. కొండమీంచి నేనే తెచ్చి వేశాను. ఈ పిల్ల మీద కుళ్ళుతో వేశాను."

నొక్వాజి నెమ్మదిగా అంది: "నాకు ఆ రోజే తెలుసమ్మా. అవి డబ్బాలో దండీలు తీస్తున్నాయి. గాలి చాలకపోతే అలా తీస్తాయని నువ్వే చెప్పావు."

"మరి అప్పుడే అనలేదేం?"

"అంటే నేనే ఓర్వలేక అన్నాననుకుంటారని. నిజంగా ఓర్వలేను కూడా. నువ్వు తలుపు తడితే కుర్చీ వేసి టీ ఇస్తారు. నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, పాట పాడి పొమ్మంటారు."

మాజోండి కూర్చుండిపోయింది.

మాస్టారు కోప్పడలేదు. మూడు నెలలు వల ముట్టుకోవద్దన్నారు. ఆవిడ చోటుని నొక్వాజికి అప్పగించారు. అదే అన్నిటికంటే గట్టిగా తగిలింది. నొక్వాజి ఆ రాళ్ళ మధ్య దిగుతుంటే మాజోండి ఒడ్డున నిలబడి, "అలా కాదే, ఎడమ కాలు! ఎడమ కాలు!" అని అరిచేది. మాస్టారు తప్పు ఒప్పుకుని ఇంకో ఉత్తరం రాశారు. దాని కింద మొదటి సంతకం మాజోండిది. గొట్టం మాత్రం వెంటనే రాలేదు. ఒక వానాకాలమంతా మురుగు పారాక, ఆ పై చలికాలంలో వేశారు.

ఇప్పుడు ఇద్దరూ కలిసే తలుపులు తడుతున్నారు. మొన్న ఒకింటావిడ రెండు కుర్చీలు వేసి, టీ మాత్రం ముందు నొక్వాజికి ఇచ్చింది. మాజోండి ఆ పూటంతా మూతి ముడుచుకునే ఉంది.