మెడ దాకా పెట్రోలు

మా ఆయన మీద పగ తీర్చుకున్నాను. అదీ పెట్రోలుతో. కంగారు పడకండి, అగ్గిపుల్ల దాకా పోలేదు. ఏ పెట్రోలును ఆయన మురిపెంగా మెడ దాకా పోయించేవారో ఆ పెట్రోలే నా పని చేసిపెట్టింది. నేను చేసిందల్లా రెండు నెలలు నోరు మూసుకోవడం. నా నోటి సంగతి తెలిసినవాళ్లకి అదెంత కష్టమో చెప్పక్కర్లేదు.

మాది తెనాలి వైపు. శంషాబాద్ వచ్చి పదేళ్లు దాటింది. నేను ఎయిర్‌పోర్టు దగ్గర ఒక సరుకు రవాణా కంపెనీలో పనిచేస్తాను. ఆయనది గచ్చిబౌలిలో ఉద్యోగం, ఆఫీసు బస్సు మా వీధి చివరికే వస్తుంది. అందుకని కారు కాగితాల మీద ఆయనదైనా తాళం నా హ్యాండ్‌బ్యాగులో ఉండేది. ముప్పై ఆరేళ్లు వచ్చాక, వణుకుతూ, తిట్లు తింటూ నేర్చుకున్న డ్రైవింగ్ నాది. ఆ తాళం బ్యాగులో గలగలమంటుంటే నాకు ఒంటరిగా నడిచినా ధైర్యంగా ఉండేది.

ఆయనకేమో మైలేజీ పిచ్చి. ప్రతి ఆదివారం సాయంత్రం ఇంటికి రెండు నిమిషాల దూరంలో ఉన్న బంకుకి తీసుకెళ్లి ట్యాంకు నింపించేవారు. పైపు టక్కుమని దానంతటదే ఆగిపోయేది. బంకులో అతను, "కట్ అయింది సార్, ఇగ సాలు" అనేవాడు. ఈయన వింటేగా! "ఉండవయ్యా, ఇంకా పడుతుంది" అంటూ డిక్కీ మీద రెండు చేతులూ వేసి, డబ్బాలో పప్పు పోసి కుదిపినట్టు కారుని కుదిపేవారు. లోపలి గాలి బుడగలు పైకొచ్చేస్తే ఇంకో లీటరు చోటు దొరుకుతుందట. మూతి దగ్గర పెట్రోలు తళతళా కనిపిస్తేగానీ వదిలేవారు కాదు. మెడ దాకా నిండితేనే మైలేజీ లెక్క సరిగ్గా తేలుతుందని ఆయన సిద్ధాంతం. సిగ్గులేకుండా చెబుతున్నాను, నేనూ రెండు మూడుసార్లు ఆయన పక్కన నిలబడి కుదిపాను.

బంకు నుంచి ఇంటికి రెండు నిమిషాలే కాబట్టి ఆదివారం ఏమీ జరిగేది కాదు. మర్నాడు పొద్దున నేను ఎక్కాక మొదలయ్యేది. నాలుగైదు కిలోమీటర్లు పోగానే పెట్రోలు వాసన గుప్పుమనేది, బండి ఎక్కిళ్లు పెట్టేది, ఎక్కడో ఓ చోట ఆగిపోయేది. ఓ సోమవారం ఎయిర్‌పోర్టు రోడ్డు మీద, మలుపులో ఆగి చచ్చింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. వెనక హారన్లు, ముందు ట్రాఫిక్ పోలీసు. "ఏందమ్మా, నడపనీకి రాకుంటే ఎందుకు తీస్తవ్ బండి?" అన్నాడు, నలుగురూ వినేలా. మా ఆయనకి ఫోన్ చేస్తే ఎవరిదో బైకు వెనక కూర్చుని గంటకి వచ్చారు. కూర్చున్నారు, తాళం తిప్పారు. ఆ దిక్కుమాలిన కారు ఒక్క దెబ్బకి స్టార్టయింది!

"చూశావా?" అన్నారు. ఆ ఒక్క మాట చాలు, ఒళ్లు భగ్గుమంది.

ఇంటికొచ్చి వాళ్లమ్మగారి ముందు మొదలుపెట్టారు. క్లచ్చు తొక్కడం రాదు, ఇంజన్‌ని ఉక్కిరిబిక్కిరి చేస్తోంది, ఇలాగైతే బండి ఏడాది కూడా బతకదు. కారులోనే ఏదో లోపం ఉందండీ అన్నాను. మా అత్తయ్యగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అమ్మాయ్ నీ వరస" అన్నారు. అంతటితో ఆగలేదు. మా చుట్టాలందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఈయన, "మా ఆవిడ చేతిలో పడి కారు ఐసీయూలో చేరింది" అని పెట్టారు. ముప్పైమంది పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు. మా సొంత పెదనాన్న కూడా పెట్టాడు. ఆ పూటే నా బ్యాగులోంచి తాళం తీసి తన బీరువాలో పడేసుకున్నారు.

మర్నాటి నుంచి ఆయన కారులో, నేను షేర్ ఆటోలో. ముగ్గురు పట్టేచోట ఆరుగురి మధ్య ఒత్తుకుని కూర్చుని, రోజూ మనసులో ఆయన్ని నానా మాటలూ అనుకునేదాన్ని.

మూడు వారాలు గడిచాయేమో. ఓ సోమవారం ఆటో ఫ్లైఓవర్ కింద నుంచి పోతుంటే మా కారు కనిపించింది. బానెట్ ఎత్తి ఉంది. దాని ముందు మా ఆయన, చెమటలు కక్కుతూ, ఇంజన్‌లోకి తొంగి చూస్తున్నారు. ఆటో ఆపమందామని నోటిదాకా వచ్చింది. ఆపించలేదు. చున్నీ మొహం మీదికి లాక్కుని ఆఫీసు దాకా నవ్వుకుంటూ పోయాను. ఇక నా మాట నిజమని ఒప్పుకోక చస్తారా అనుకున్నాను.

సాయంత్రం కాఫీ ఇస్తూ, "పొద్దున ఆఫీసుకి టైముకే చేరారా?" అని అడిగాను.

"ఆఁ, ఎందుకు చేరను?" అన్నారు, తేలు కుట్టిన దొంగలా కప్పులోకి చూస్తూ.

నవ్వంతా అక్కడే చచ్చిపోయింది. కారు ఆగడం తప్పు కాదు. తన చేతిలోనూ ఆగిందని తెలిసి, నా మీద వేసిన నింద నా మీదే ఉంచేశారే, అది తప్పు. అప్పుడు కడుపు మండింది. ఈ మనిషిని ఊరికే వదలకూడదనుకున్నాను.

మర్నాడు హైవే పక్కన ఒక షెడ్డు దగ్గర ఆటో దిగాను. మెకానిక్‌ది పక్కనే ఉన్న పాల్మాకుల ఊరు, వయసు నలభై ఉంటుంది. అంతా చెప్పాను. అతను మొత్తం విని, "గట్లయితే సోమవారమే ఎందుకు ఆగుతదక్కా? ఆదివారం ఏం జేస్తరు బండిని?" అన్నాడు. పెట్రోలు పోయిస్తారని, కుదుపుతారని చెప్పాను. నెత్తి కొట్టుకున్నాడు.

"గట్ల ఊపి ఊపి నింపుతరా ఎవరన్న? ట్యాంకుల పైన జర జాగ ఖాళీ ఉండాలె. గా జాగల పెట్రోల్ ఆవిరి ఉంటది. అది పైపుల కెల్లి ఇగో, గీ డబ్బాలకొస్తది" అని, అక్కడే విప్పి ఉన్న ఇంకో కారులో నల్లటి డబ్బా ఒకటి చూపించాడు. "దీంట్ల బొగ్గు ఉంటది. ఆవిరిని పట్టి పెట్టుకుంటది, బండి నడుస్తుంటే ఇంజన్ దాన్ని గుంజుకొని కాలుస్తది. లేకుంటే గా ఆవిరంత గాలిల కలుస్తది, మనమే పీల్చాలె. మీరు మెడ దాంక పోస్తే ఆవిరి గాదు, పెట్రోలే వస్తది డబ్బాలకి. బొగ్గు నానుతది. ఇంజన్‌కి ఒక్కపారే ఎక్కువ పెట్రోల్ పోయి బండి బందయితది. జరసేపు ఆపి ఉంచితే మల్ల స్టార్టయితది."

అదీ సంగతి! నేను గంటసేపు రోడ్డు మీద కాపలా కాస్తే, ఆయనొచ్చి ఒక్క దెబ్బకి తీశారు.

"ఇంక ఏం గాలే అక్కా. కట్ కాంగనే ఆపేస్తే గదే ఆరుతది. సార్‌కి జల్ది చెప్పు, లేకుంటే డబ్బా మొత్తం ఖరాబైతది" అన్నాడు. మధ్యలో ఆగిపోతే యాక్సిలరేటర్ నేలకంటా తొక్కి పట్టి తాళం తిప్పాలని, కాలు ఎత్తకూడదని కూడా నేర్పాడు.

చెప్పలేదు. చచ్చినా చెప్పదలుచుకోలేదు. ఆదివారం ఆదివారం ఆయన కుదుపుతూనే ఉన్నారు. డ్యాష్‌బోర్డులో పసుపు లైటు వెలిగింది. "అది సెన్సార్ గోల" అన్నారు. పెట్రోలు కల్తీ అని బంకు మార్చారు. అక్కడా మెడ దాకే. నేను ఉప్మా తింటూ చూస్తూ ఊరుకున్నాను.

ఓ శనివారం మా అత్తయ్యగారు కూతురింటికి విశాఖపట్నం బయల్దేరారు, పదకొండున్నర విమానానికి. "ఏవండీ, ఎలాగూ బంకు మీదుగానే కదా, ట్యాంకు నింపించండి. మీలాగా నింపించడం ఇంకెవరికి వస్తుంది?" అన్నాను. పొంగిపోయారు. ఆ పూట మరీ ఉత్సాహంగా కుదిపారు. ముందు సీట్లో ఉన్న అత్తయ్యగారు, "ఏవిట్రా ఈ ఊపుడు, కాఫీ పైకొచ్చేట్టుంది!" అని అరిచారు.

ఎయిర్‌పోర్టు రోడ్డెక్కి పైకి పోతుండగా కారు రెండు ఎక్కిళ్లు పెట్టింది, ఆగింది. ఆయన తిప్పారు. మళ్లీ తిప్పారు. వెనక హారన్లు. "ఒరేయ్, విమానం ఎగిరిపోతుందిరా!" అని అత్తయ్యగారు పర్సు గుండెకి హత్తుకున్నారు. నేను వెనక సీట్లో చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆయన నెత్తి మీద నుంచి చెమట మెడ దాకా జారేంతవరకూ చూశాను. అప్పుడైనా నిజం చెబుతారేమోనని ఆశ. ఆయన వెనక్కి తిరిగి, "అప్పట్లో నువ్వు క్లచ్చు పాడుచేశావు, దాని ఫలితం ఇది" అన్నారు.

"దిగండి" అన్నాను.

నా గొంతు ఎలా ఉందో ఏమో, వెంటనే దిగారు. నేను కూర్చుని, యాక్సిలరేటర్ నేలకంటా తొక్కి తాళం తిప్పాను. మొదటిసారి రాలేదు. రెండోసారి దగ్గింది, నల్లటి పొగ వదిలింది, అందుకుంది. ఆయన పరిగెత్తుకొచ్చి వెనక సీట్లో పడ్డారు. విమానం దొరికింది. గేటు దగ్గర అత్తయ్యగారు నన్నొకసారి, కొడుకునొకసారి చూసి, "మరి దీనికి రాదన్నావేంరా?" అన్నారు. ఆయన ట్రాలీ తెస్తానని అటు పోయారు.

అటు నుంచి అటే షెడ్డుకి పోనిచ్చాను. మెకానిక్ డబ్బా ఊడదీసి బోర్లించాడు. పెట్రోలు జలజలా కారింది, దాంతోపాటు నల్లటి బొగ్గు పలుకులు. "బొగ్గు పగిలి పైపులల్ల పడ్డది, వాల్వు జామ్ అయింది. ఇగ కొత్తది ఎయ్యాలె" అని, నా వైపు తిరిగాడు. "రెండు నెలల కిందనే చెప్పిన గదక్కా. సార్‌కి చెప్పలేదా?"

మా ఆయన నన్ను చూశారు. "నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసి కూడా నింపించమన్నావా? ఇవాళ అమ్మని పెట్టుకుని?"

"అన్నాను. ఫ్లైఓవర్ కింద బానెట్ ఎత్తుకుని నిలబడింది ఎవరండీ? ఆటోలోంచి నా కళ్లతో చూశాను. ఆ సాయంత్రం మీరు ఒక్క మాట చెప్పి ఉంటే, మర్నాడే నేనూ చెప్పేదాన్ని."

మెకానిక్ చేతులు కడుక్కుంటానని పక్కకి పోయాడు.

ఇంటికొచ్చాక తాళం తెచ్చి నా ముందు పెట్టారు. అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. "గ్రూపులో రాయండి. ఆ ముప్పైమందీ చదవాలి" అన్నాను. ఫోన్ తీసుకుని చాలాసేపు రాశారు. నేను మాత్రం ఎదురు మాటలు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. నేను రెండు నెలలు దాచిన సంగతి రాయకుండా ఉంటారా? రాస్తే ఏమనాలో, ఎలా దులపాలో అంతా కూడగట్టుకున్నాను.

ఫోన్ నా చేతికిచ్చారు. "కారు పాడుచేసింది మా ఆవిడ కాదు, నేను. ట్యాంకు నిండాక కూడా కుదిపి పోయించాను. నా చేతిలోనూ ఆగింది, చెప్పకుండా దాచాను. అమ్మని ఇవాళ ఎయిర్‌పోర్టుకి చేర్చింది ఆవిడే."

కిందా పైనా వెతికాను. నా గురించి అంతే. నేను చేసింది ఒక్క ముక్క లేదు. నేను చూస్తుండగానే పంపేశారు, లేచి స్నానానికి వెళ్లిపోయారు.

తాళం మళ్లీ నా బ్యాగులోనే ఉంటోంది. పైపు టక్కుమనగానే చాలంటాను, రోజూ నేనే నడుపుతాను. పెదనాన్న కూడా ఫోన్ చేసి శభాష్ అన్నాడు. ఆయన చేసినవన్నీ ఎప్పుడో క్షమించేశాను. ఆ రోజు నా సంగతి రాయకుండా వదిలేశారే, దాన్ని మాత్రం ఇంతవరకూ క్షమించలేకపోతున్నాను.