గాజింటి వెనక గది

గంగులయ్య కువైట్‌కు వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. రైల్వేకోడూరు పక్క పల్లె అతనిది. మామిడి అంటు కట్టడంలో, బొప్పాయి నారు పెంచడంలో చేయి తిరిగినవాడు. బోర్లు వరసగా ఎండిపోయిన ఏడాది, ఊళ్ళో సగంమంది దారే పట్టి విమానమెక్కాడు. మొదటి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దగ్గర కార్లు కడిగాడు. రెండో చోట ఎడారిలో మేకలకు మేత వేశాడు. పదకొండేళ్ళ కిందట సల్వాలో, పనివాళ్ళంతా మామా అని పిలిచే అమ్మగారు లుల్వా ఇంట్లో పనికి కుదిరాకే మళ్ళీ అతని గోళ్ళకు మట్టి అంటింది.

భార్య తిరుపాలమ్మ కూడా కువైట్‌లోనే ఉంది. జహ్రాలో ఒక పెద్దింట్లో పని. సల్వా నుంచి జహ్రాకు కారులో ముప్పావుగంట, అంతే. కానీ ఆమెకు సెలవు నెలకొక్క శుక్రవారం, పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా. ఇద్దరూ మాలియా బస్టాండులో కలుసుకుని, ఛాయ్ తాగి, షర్క్ చేపల మార్కెట్ పక్కన సముద్రపు గట్టు మీద కూర్చునేవాళ్ళు. ఆమె డబ్బాలో అన్నం తెచ్చేది. అతను తోటలో కాసిన నిమ్మకాయలు రెండు జేబులో వేసుకుని వచ్చేవాడు. నాలుగవుతోందంటే ఇద్దరి మాటలూ పొట్టివైపోయేవి. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళు. అందులో ఒకే కప్పు కింద పడుకున్న రోజులు తక్కువ. పిల్లలిద్దరూ తిరుపతిలో ఎవరి బతుకు వాళ్ళు చూసుకుంటున్నారు. “ఇంకో రెండేళ్ళు చేసి పోదాం మే” అని గంగులయ్య అన్నప్పుడల్లా తిరుపాలమ్మ తలూపేది. ఆ రెండేళ్ళు ఎన్నిసార్లు గడిచాయో ఇద్దరూ మర్చిపోయారు.

కిందటేడు సెప్టెంబరులో మామా లుల్వా అతన్ని హాల్లోకి పిలిచింది. ఆమెకు డెబ్బై దాటింది. బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయిన మనిషి. భర్త పోయాక మోకాళ్ళ నొప్పులతో ఇల్లు కదలడం మానేసింది. బల్ల మీద పాత ఫొటోల ఆల్బం తెరిచి ఉంది. డ్రైవర్ ఖలందర్ రాయచోటి మనిషి, అరబ్బీ బాగా వచ్చినవాడు. మాట అందని చోట అందిద్దామని పక్కన నిలబడ్డాడు.

“గంగా, నా ఇరవై రెండో ఏట ఇంగ్లండులో చదువుకునేదాన్ని. ఒక ముసలావిడ ఇంట్లో మూడేళ్ళు అద్దెకున్నాను. ఆ ఇల్లు విక్టోరియా రాణి కాలంలో కట్టింది. తోట కూడా అప్పటిదే. చూడు.”

గంగులయ్య వంగి చూశాడు. పచ్చగడ్డి మధ్య నేల మీద తివాచీ పరిచినట్టుంది. ఎరుపు, పసుపు, తెలుపు, గళ్ళుగళ్ళుగా, అంచులు కత్తితో కోసినంత తీరుగా. తివాచీ కాదు, మొక్కలు. ఒక్కటి కూడా పక్కదానికంటే బెత్తెడు ఎత్తు లేదు. ఇటుక అంచుల బాటలు, ఇనప పువ్వుల బెంచీ, వెనక ఒక గాజు ఇల్లు.

“ఇన్ని మొక్కలు ఒకే ఎత్తున ఎట్లా పెరిగాయి మామా?”

“పెరగనిచ్చేవాళ్ళు కాదు. కత్తెరతో దువ్వినట్టు కత్తిరించేవాళ్ళు.” ఆమెకు హుషారొచ్చింది. “ఈ మొక్కలేవీ ఆ చలిదేశానివి కావు. మెక్సికో నుంచి, బ్రెజిల్ నుంచి, ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చుకున్నారు. గాజు మీద పన్ను ఎత్తేశాక గాజు చవకై, కాస్త కలిగినవాళ్ళందరూ గాజిళ్ళు కట్టుకున్నారు. లోపల బొగ్గు పొయ్యిలు పెట్టి ఈ నారు వెచ్చగా పెంచేవాళ్ళు. ఎండాకాలం రాగానే తెచ్చి బయట నాటేవాళ్ళు, చలి పడగానే పీకేసేవాళ్ళు. ఎవరింట్లో ఎన్ని వేల మొక్కలు నాటారో దాన్నిబట్టి వాళ్ళ గొప్ప.”

“ఇక్కడ అది తిరగబడుతుంది కదా మామా,” అన్నాడు గంగులయ్య ఆలోచించి. “మనకు చలికాలంలో నాటాలి, ఎండ రాగానే పీకాలి. గాజింటికి పొయ్యి కాదు, ఏసీ పెట్టాలి.”

మామా లుల్వా నవ్వింది. ఆమె అంత గట్టిగా నవ్వడం అతను అంతకుముందు వినలేదు. “జైన్, బాగుంది. అయితే పెట్టు. ఒక్క చలికాలమైనా దాన్ని మళ్ళీ కళ్ళతో చూడాలి.”

గంగులయ్యకు ఆ పని నెత్తికెక్కింది. పాత ఇసుక మూరెడు లోతు తవ్వి తీసేయించి, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపాడు. అల్ రాయ్ నర్సరీలన్నీ ఖలందర్ కారులో తిరిగాడు. ఎర్రాకు, పసుపాకు పొట్టి మొక్కలు దొరికాయి. తెల్లపూలకు విత్తనం తెచ్చి ట్రేలలో మొలిపించాడు. ఫొటో చూసి గూటాలు కొట్టి, పురికొస లాగి, సున్నపుపొడితో గీతలు గీశాడు. మొదటిసారి ఒక గడి వంకరపోయింది. మామా లుల్వా కిటికీలోంచి చూసి చేయి అడ్డంగా ఊపింది. మొత్తం చెరిపి మళ్ళీ గీశాడు. కుండీలు పెట్టే పాత గది గోడవారన చిన్న గాజిల్లు లేచింది. ఈకల్లాంటి ఆకుల ఫెర్న్ మొక్కల కోసం అది. ఆ రాణి కాలంలో ఆడవాళ్ళు ఆ ఆకుల మోజులో పడి, కొండల్లోంచి ఏరి తెచ్చి, బొగ్గుపొగ తగలకుండా ఇళ్ళలో గాజుపెట్టెల్లో పెట్టుకునేవాళ్ళట.

నవంబరు శుక్రవారం సముద్రపు గట్టు మీద ఇదంతా ఊపిరాడకుండా చెప్పాడు. తిరుపాలమ్మ అన్నం కలుపుతూ విన్నది.

“ఆ పూలు కోసేదానికా?”

“కోస్తే తివాచీకి బొక్క పడదా? కొయ్యకూడదు.”

“దేవునికి పెట్టరు. తల్లో పెట్టుకోరు. మాల గుచ్చరు. ఏంటికయ్యా మరి?”

“చూసేదానికి.”

“చూసి?”

ఆమె నవ్వి ముద్ద అతని చేతిలో పెట్టింది. “నువ్వు మాట్లాడతాంటే మొగం వెలుగుతాండాది. పెండ్లి కొత్తలో అంట్లు కట్టేటప్పుడు ఇట్లనే ఉండేది. తిను.”

డిసెంబరు చివరికి తివాచీ మూసుకుంది. మట్టి కనబడకుండా ఆకులు కలిసిపోయాయి. జనవరిలో తెల్లపూలు విచ్చాయి. మామా లుల్వా కర్ర పట్టుకుని రోజూ ఇనప బెంచీ దాకా నడిచేది. ఒక పూట ఆల్బం కూడా పట్టుకొచ్చి, ముసలావిడ ఇచ్చిన, ఆ రాణి కాలపు తోట పనివాళ్ళ ఫొటో ఒకటి చూపించింది. ముతక ఏప్రన్లు కట్టుకుని, టోపీలు పెట్టుకున్న ఆరుగురు మగవాళ్ళు. వాళ్ళ వెనక గాజింటి గోడను ఆనుకుని, చిన్న కిటికీ ఉన్న పొట్టి గది.

“వీళ్ళు ఆ గదిలోనే ఉండేవాళ్ళు,” అంది ఆమె. “ఉత్తరపు గోడ వెనక, ఎండ పడని వైపు. పెళ్ళికాని వాళ్ళనే పనిలో పెట్టుకునేవాళ్ళు. బొగ్గుపొయ్యి ఆరిపోకుండా చూసుకోవాలి కదా.”

“పెళ్ళి చేసుకుంటే?”

“గది ఖాళీ చేయాలి. ఎక్కడైనా పెద్ద తోటమాలి ఉద్యోగం దొరికితే అప్పుడు ఇల్లిచ్చేవాళ్ళు. భార్యను తెచ్చుకోవచ్చు. అది దొరకడానికి పదేళ్ళు పట్టేది, పదిహేనేళ్ళు పట్టేది.”

గంగులయ్య ఆ ఆరుగురి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు. చివరివాడు, మీసాలవాడు, కెమెరా వైపు కాకుండా పక్కకు చూస్తున్నాడు. వాడికి ఎవరో ఒకామె ఉండే ఉంటుందనిపించింది, ఎక్కడో ఇంకో ఊళ్ళో, ఇంకొకరి ఇంట్లో పనిచేస్తూ. పదకొండేళ్ళలో ఎన్నడూ అడగని మాట గంగులయ్య నోట్లోంచి వచ్చేసింది.

“మామా, నాకూ భార్య ఉంది. ఈ దేశంలోనే ఉంది.”

“తెలుసు. జహ్రాలో.”

“మన గాజింటి వెనక కుండీలు పెట్టే గది ఉంది కదా.” చేతిలోని కలుపు తీసే తొలికకు అంటిన మట్టిని బొటనవేలితో గీకుతూ నిలబడ్డాడు.

మామా లుల్వా తెల్లపూల వైపు చూసింది. తర్వాత ఆల్బం మూసింది. “బదర్‌తో మాట్లాడతాను,” అంది. బదర్ ఆమె కొడుకు. ఇంట్లో అందరి ఇఖామాలూ, అంటే దేశంలో ఉండే అనుమతి కాగితాలూ, అతని పేరు మీదే ఉన్నాయి. మూడు రోజుల తర్వాత ఖలందర్ పరుగున వచ్చి చెప్పాడు: “గంగన్నా, బాబా బదర్ సరే అన్నాడు. మామాను చూసుకునేదానికి ఎట్లాగూ ఒకామె కావాలంట. జహ్రా కఫీల్ ఆమెను వదులుతూ రిలీజ్ కాగితం ఇస్తే చాలు, ఖలాస్, పనైపోయినట్టే!”

ఆ వారమంతా గంగులయ్య కాళ్ళు నేల మీద నిలవలేదు. కుండీలు బయటపెట్టి, గదికి సున్నం కొట్టి, కిటికీకి కొత్త అద్దం బిగించాడు. ఫిబ్రవరి శుక్రవారం నాడు మామా లుల్వాయే కారు పంపి తిరుపాలమ్మను మాలియా నుంచి పిలిపించింది.

గేటు దాటి లోపలికి వచ్చిన తిరుపాలమ్మ తివాచీ ముందు ఆగిపోయింది. చెప్పులు విప్పింది. ఎందుకు విప్పిందో ఆమెకే తెలియదు. “కోసుకో,” అని మామా లుల్వా కత్తెర అందించింది. తిరుపాలమ్మ భర్త మొహం చూసి, తల అడ్డంగా ఊపి, కత్తెర తిరిగి ఇచ్చేసింది. ముగ్గురూ బెంచీ దగ్గర ఛాయ్ తాగారు. అప్పుడు గంగులయ్య ఆమెను గాజింటి వెనక్కు తీసుకెళ్ళాడు.

ఆమె గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు అడుగులు వేసి చూసింది. “ఈడ పొయ్యి,” అంది. “ఈడ మంచం. బట్టలకు తాడు ఇట్ల కట్టుకోవచ్చు.” కిటికీ అద్దం మీద వేలు పెట్టి రుద్దింది. వెనక్కి తిరక్కుండానే అడిగింది, “ఎప్పుడు రమ్మంటాండారు?”

“నువ్వు ఎప్పుడంటే అప్పుడు. మీ కఫీల్‌ను అడుగు.”

తిరుపాలమ్మ తాను మంచం అన్న చోటే నేల మీద కూర్చుంది. “ఇప్పుడు రాలేనయ్యా.”

గంగులయ్య తనకు సరిగ్గా వినబడలేదనుకున్నాడు.

“ఆ ఇంట్లో ముసలామె ఉండాది కదా. మతి పోయింది. కొడుకును గుర్తుపట్టదు, కూతురును గుర్తుపట్టదు. నా చేత్తో పెడితేనే తింటాది. ఇంకెవురు పెట్టినా పండ్లు బిగించేస్తాది. పోయిన నెల మాలియాకు, నీకాడికి వచ్చిన ఒక్క పూట ఏమీ తినలేదంట. నేను పోతే ఆమె చచ్చిపోతాదయ్యా.”

“ఆమెకు బిడ్డలు లేరా? నర్సును పెట్టుకోలేరా?” అతని గొంతు పెరిగింది. “ఇరవై ఆరేండ్లు మే! నేను నోరు తెరిచి ఒక్కటి అడిగితే, అదీ దొరికితే...”

“నన్ను అమ్మా అంటాది,” అంది తిరుపాలమ్మ. “ఆ ముసలామె, నన్ను. కొన్నాళ్ళు ఆగు. ఆమె సంగతి తేలినాక వస్తా.”

ఆ సాయంత్రం ఆమె కారెక్కేటప్పుడు గంగులయ్య మాట్లాడలేదు. మార్చి శుక్రవారం మాలియాకు పోలేదు. పని ఉందన్నాడు. పనేమీ లేదు. ఆ రోజంతా కత్తెర పట్టుకుని, కత్తిరించక్కర్లేని మొక్కలను కత్తిరిస్తూ గడిపాడు. ఏప్రిల్లో తుఫానుగాలికి దుమ్ము లేచి తివాచీ అంతా బూడిదరంగయింది. పైప్ పెట్టి కడిగాడు. వారానికే ఎండ ముదిరి తెల్లపూలు గోధుమరంగుకు తిరిగాయి.

ఆ నెల శుక్రవారం వెళ్ళాడు. తిరుపాలమ్మ ఎప్పటి చోటే గట్టు మీద కూర్చుని ఉంది, ఒళ్ళో డబ్బా మూత తీయకుండా.

“రావేమో అనుకున్నా,” అంది.

“ఆమె తింటాండాదా?”

“ఊఁ. పెరుగన్నం అలవాటు చేసినా.”

“మెత్తగా పిసికి పెట్టు,” అన్నాడు గంగులయ్య. అంతకంటే క్షమాపణ అతనికి చేతకాలేదు. ఆమెకు అది చాలింది. డబ్బా మూత తీసింది.

మేలో మొక్కలన్నీ పీకేశాడు. గది తాళం వేసే ఉంది. ఆగస్టు మూడో వారంలో జహ్రా ముసలామె నిద్రలోనే పోయింది. తిరుపాలమ్మ ఫోనులో ఏడ్చినంతసేపూ గంగులయ్య ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు. ఆమె దుఃఖం అడుగున అతనికి ఒక ఆశ కదిలింది. అది తెలిసి తన మీద తనకే అసహ్యం వేసింది.

బదర్ జహ్రాకు ఫోన్ చేసి అడిగాడు. ఆ కఫీల్ రిలీజ్ ఇవ్వనన్నాడు. కోపమేమీ లేదు. “మా అమ్మను ఆమె కన్నతల్లిలా చూసుకుంది. ఇంకో ఇంట్లో ఆమె పనిమనిషిగా ఉండటం నాకిష్టం లేదు. గౌరవంగా ఊరికి పంపిస్తాను, హాయిగా విశ్రాంతి తీసుకోమనండి,” అన్నాడట. టికెట్ తీశాడు. ఆమె చేతికి బంగారు గాజు కూడా తొడిగాడు. మామా లుల్వా స్వయంగా ఫోన్ తీసుకుని మాట్లాడింది. అతను ఎంతో మర్యాదగా విని, తన మాట మీదే నిలబడ్డాడు. మంచి చేస్తున్నాననే అతని నమ్మకాన్ని ఎవరూ కదిలించలేకపోయారు.

విమానాశ్రయానికి ఖలందర్ తీసుకెళ్ళాడు. లోపలికి పోయే తలుపు దగ్గర తిరుపాలమ్మ ట్రాలీ ఆపింది.

“ఆ పొద్దు సరే అనుంటే...” అని ఆగిపోయింది.

“ఆ మాట ఎత్తొద్దు మే. నువ్వు వచ్చేసింటే ముసలామె పస్తుండి పోయేది. అది నీ ప్రాణానికి పట్టుకునుండేది. నాక్కూడా.”

“గదిలో నువ్వన్నా పండుకో. గాలి బాగుంటాది.”

“పండుకుంటా.”

“నువ్వెప్పుడు వస్తావు?”

‘ఇంకో రెండేళ్ళు’ అన్న మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చింది. గంగులయ్య దాన్ని మింగేశాడు. “ఈ చలికాలం మామా తోట మామాకు వేసిచ్చి, ఏప్రిల్‌లో వస్తా. ఇంక తిరిగి రాను,” అన్నాడు. ఆ మాట తన గొంతులో విని తనే ఉలిక్కిపడ్డాడు.

తిరుపాలమ్మ అతని మొహంలోకి పరీక్షగా చూసింది. నమ్మిందో లేదో తెలియలేదు. వెనక ఎవరో పద పదమని యల్లా యల్లా అంటే ట్రాలీ తోసుకుంటూ లోపలికి వెళ్ళింది.

మర్నాడు మామా లుల్వాకు చెప్పాడు. ఆమె కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని విన్నది. “ఏప్రిల్ దాకా ఎందుకు? రేపే పొమ్మంటే పోతావా?” అని అడిగింది. పోతానని అనబోయి, ట్రేలలో అప్పుడే రెండాకులు వేసిన తెల్లపూల నారు వైపు చూసి ఆగాడు. ఆమె అటే చూసింది. మెల్లగా తలూపింది.

ఆ రాత్రి నుంచి అతను ఖలందర్‌తో పంచుకున్న గది వదిలి గాజింటి వెనక పడుకుంటున్నాడు. మంచం తిరుపాలమ్మ చూపించిన చోటే వేసుకున్నాడు. నారు అక్టోబరులో నేలకు మారింది.