కోడలి కారులో టిక్కుటిక్కు

ఇంజన్‌ను సరిగా వినకుండానే "ఇప్పాలె" అనే మెకానిక్కులంటే నాకు ఒళ్ళు మండుతుంది. పోయిన చలికాలం మా కోడలి కారు విషయంలో అదే జరిగింది. పొద్దున స్టార్ట్ చేయగానే టిక్కుటిక్కుమంటున్నదని మా కొడుకు దాన్ని హైవే పక్కన వర్క్‌షాపుకు తీసుకుపోయాడు. అక్కడి పెద్దమనిషి ఫోన్ మాట్లాడుతూనే బానెట్ ఎత్తి, "ఇంజన్ మొత్తం ఇప్పాలె. అంతకన్న అమ్ముకునుడు నయం" అన్నాడట. మావాడు అదే మాట పట్టుకొని ఇంటికొచ్చాడు.

కోడలు మొగుడంపల్లి దిక్కు పల్లెల్లో నర్సు. టీకాల డబ్బా పట్టుకొని బస్సు పోని తండాలకూ పోవాలి. ఇన్నేళ్ళూ ఆటోలో డ్రైవరు పక్కన సగం సీటు మీద వేలాడుతూ పోయింది. చివరికి ఈ పాత కారు కొనుక్కొని, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, చెరుకు తోటల బాటల మీద నడపడం నేర్చుకుంది. అమ్మేద్దామని మొగుడు అనగానే గరిటెను గిన్నెకేసి గట్టిగా కొట్టింది.

"ఆ మెకానిక్కు ఏడ చప్పుడొస్తుందో విన్నడా?" అని అడిగాను.

"అందరికీ ఇనిపిస్తనే ఉన్నది నాయినా. నీకొక్కనికే ఇనిపిస్తలేదు" అన్నాడు కొడుకు.

నా చెవులు మందగించిన మాట నిజమే. బుర్ర మందగించలేదు. నేను బడికి పోయింది తక్కువ. కోహీర్ దగ్గర మా బావి మీద డీజిల్ ఇంజన్ పెట్టిన రోజుల్లో, దానితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ దగ్గర పెట్టుకొని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివినవాణ్ణి. ఆ పుస్తకం మొదలు వినమంది, తర్వాతే విప్పమంది.

తెల్లవారి, ఇంజన్ ఇంకా చల్లగా ఉండగానే కోడల్ని స్టార్ట్ చేయమన్నాను. పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి, పిడి ఆమె చెవి దగ్గర పెట్టాను.

"నా స్టెతస్కోపు తేనా మామా?"

"అది మనుషులకమ్మా. దీనికి గిదే. కింద ఎట్లున్నది?"

"కింద సాఫ్‌గున్నది."

"గిప్పుడు మీద మూత కాడ?"

"ఆఁ, ఈడనే! టిక్కుటిక్కు కొడ్తున్నది."

సగం సంగతి తేలిపోయింది. కింద బేరింగు పోతే గుద్దినట్టు బరువుగా మోగుతుంది. ఇది పైన, సన్నగా, వాల్వులను తోసే టాపెట్ల దగ్గర. సైలెన్సర్ అతుకు లీకైనా ఇట్లాగే టిక్కుమంటుందని అక్కడ అరచేయి పెట్టి చూశాను, గాలి తన్నడం లేదు. ఇంజన్ వేడెక్కిన కొద్దీ చప్పుడు తగ్గింది. అంటే చలిలో నూనె పైకి ఎక్కడం ఆలస్యమవుతున్నది. ఈ రకం కార్లలో టాపెట్ల లోపల నూనె నిండితే తప్ప అవి చప్పుడు మానవు.

ఇంజన్ ఆపించి, కాసేపు ఆగి, నూనె చూసే పుల్ల బయటికి లాగాను. వేళ్ళ మధ్య రుద్దితే బెల్లం పాకంలా సాగింది. ఆ చిక్కదనం నాకు కొత్తదేమీ కాదు.

"దీంట్ల ఆయిల్ ఎవరు పోసిన్రు?"

"నేనే," అన్నాడు కొడుకు. "మార్చే టైమయిందని పోసిన. డ్రమ్ముల ఉన్నది గద."

మా దిక్కు ట్రాక్టరున్న ఇళ్ళలో దానికి పోసే చిక్కటి నూనె డ్రమ్ము ఒకటి ఉంటుంది. మోటరు సైకిలుకు అదే, గడ్డి కోసే మిషనుకు అదే, కిర్రుమనే తలుపులకూ అదే. జహీరాబాదంటే ట్రాక్టర్లు తయారయ్యే ఊరు కదా, ట్రాక్టరుకు పట్టింది లోకంలో అన్నిటికీ పడుతుందని మావాళ్ళ ధీమా. కారుతో వచ్చిన పుస్తకం మాత్రం డిక్కీలో కవరు కూడా విప్పకుండా పడి ఉంది!

"పిల్లలకు టీకాలు సుత డ్రమ్ములకెల్లే ఎయ్యమంటవా?" అంది కోడలు మొగుడితో.

జహీరాబాద్ బజారుకు పోయి, పుస్తకంలో రాసి ఉన్న పలుచని నూనె, కొత్త ఫిల్టరు తెచ్చాను. పాత నూనె దించే పని కొడుక్కే పెట్టాను. పోసినవాడే దించాలి. కారు కింద పడుకొని మొహమంతా నలుపు చేసుకున్నాడు. కొత్తది పోసి స్టార్ట్ చేస్తే మళ్ళీ అదే టిక్కుటిక్కు.

"ఏమాయె నాయినా?" అన్నాడు, లేచి చేతులు తుడుచుకుంటూ.

"జర ఆగురా. నూనె మీదికి ఎక్కనీయి."

కోడలు స్క్రూడ్రైవర్ పిడి చెవి దగ్గర నుంచి తీయలేదు. పెదవి కొరుక్కుంటూ నిలబడింది. కాసేపటికి ముఖం విప్పారింది. "సన్నగయితుంది మామా... ఆగింది. బందయింది!"

ఇంజన్ ఆపనే లేదు. టీకాల డబ్బా తెచ్చి వెనక సీట్లో పెట్టుకొని, "ఇంకోసారి దీన్ని అమ్ముత అన్నవనుకో, నీ ట్రాక్టరు నేను అమ్ముత" అని మొగుడికి చెప్పి మొగుడంపల్లి బాట పట్టింది.

మరునాడు పొద్దున నేను చాయ్ తాగుతుంటే, ఆమె ఎవర్నీ పిలవకుండా బానెట్ ఎత్తి పుల్ల లాగింది.

"మొదలు తుడిచి, మళ్ళ పెట్టి తియ్యాలె!" అని అరుగు మీద నుంచి కేకేశాను.

"తుడిచిన మామా, మీరే చూడలే" అని బానెట్ దబ్బున మూసి, తాళం చెవి తిప్పి, చలిలోనూ టిక్కు లేదన్నట్టు నాకు చెయ్యూపింది.