మొదటి కజ్జికాయ

మా కిరాణా అంగడిలో ముప్పై ఏళ్లుగా కాగితం నక్షత్రాలు అమ్ముతున్నాం. డిసెంబరు వస్తే చాలు, మా ఆయన వాటిని గుమ్మానికి వేలాడదీస్తాడు. ఎర్రవి ముందు అయిపోతాయి, పచ్చవి మిగులుతాయి. వాటిని కొనుక్కుపోయినవాళ్లు ఇంట్లో ఏం వండుతారో, పండగనాడు ఎవరు ముందు లేస్తారో అడగాలని ఇన్నేళ్లలో నాకు ఒక్కసారి కూడా తోచలేదు. అలాంటిదాన్ని, నవంబరు నెలాఖరు నుంచి మా కోడలిని ప్రశ్నలతో కొరుక్కుతిన్నాను.

కోడలిది సూళ్లూరుపేట. క్రైస్తవుల పిల్ల. పెళ్లయ్యాక మొదటి క్రిస్మస్‌కి పుట్టింటికి వెళ్లింది. రెండో ఏడు కడుపుతో ఉంది, ఏడో నెల. బస్సు ఎక్కడానికి వీల్లేదంది డాక్టరమ్మ. అయితే పండగ తిరుపతిలో మన ఇంట్లోనే చేద్దామన్నాను. చర్చిలో పొద్దుటి ప్రార్థన కాగానే వాళ్ల అమ్మానాన్నలు బయల్దేరి సాయంత్రానికి మా ఇంటికి వచ్చేలా మాట్లాడుకున్నాం.

పండగ పిల్లకోసమే, కాదనను. కానీ నా లోపల ఇంకొకటి ఉంది. ఈసారి మా వియ్యపురాలు మా ఇంట్లో తినాలి. నిశ్చితార్థం రోజు ఆకు వేసి పదహారు రకాలు వడ్డిస్తే, ఆవిడ కడుపులో బాగాలేదని చెప్పి మంచినీళ్లు తాగి లేచిపోయింది. ఆ తర్వాత రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ అదే కడుపు, అవే మంచినీళ్లు. మా చేతి వంట ఆవిడకు ఆనడం లేదనుకున్నాను. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. పైకి నవ్వాను గాని రెండేళ్లుగా లోపల ఉడికిపోతూనే ఉన్నాను.

పిల్లను అడగ్గా అడగ్గా తెలిసింది నన్ను ఆశ్చర్యపరిచింది. కేకు సంగతి సరే, మా ఇంట్లోకి గుడ్డు రాదు కాబట్టి గుడ్డు లేనిది బేకరీలో చెప్పాం. కానీ వాళ్లింట్లో పండగంటే అసలు సందడి కేకుది కాదట. కజ్జికాయలు, మురుకులు, అతిరసాలు. వారం ముందే ఇల్లు కడగడం, కొత్త బట్టలు, వాకిట్లో ముగ్గు. నేను నోరు తెరిచాను. ఇవన్నీ మేం చేసేవే గదా, ఇక తేడా యాడుండాది అని అడిగితే, పిల్ల కాసేపు ఆలోచించి తనకీ తెలియదంది. ఆ మాట నాకు భలే నచ్చింది. ముగ్గులో నక్షత్రానికి ఎన్ని కోణాలుండాలని కూడా అడిగాను. ఎన్నైనా పెట్టుకోవచ్చత్తా అంది. ఎన్నైనా ఏంటి, దేనికైనా ఒక లెక్కుండాలి గదా అని అంగడిలో నక్షత్రాలన్నీ దించి చూశాను. ఐదు కోణాలవీ ఉన్నాయి, ఏడు కోణాలవీ ఉన్నాయి.

పండగకి మూడు రోజుల ముందు పలహారాలకు కూర్చున్నాను. ధనుర్మాసం. తెల్లవారకముందే తలస్నానం, మడిచీర, సామికి పొంగలి, ఆ తర్వాతే ఏ పనైనా. పిల్ల దూరంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. నూనెలోంచి మొదటి మురుకు తీయగానే చెయ్యి చాపింది. సామికి చూపించకుండానే అని నేను కసిరితే చెయ్యి వెనక్కి తీసుకుంది. వాళ్లింట్లో మొదటి మురుకు పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లు తినాలట, ఉప్పు చూడాలి కాబట్టి. అబ్బో, దొంగతిండే మీకు పద్ధతా అని ఆటపట్టించాను. మా ఇంట్లో వండేటప్పుడు రుచి చూసేది లేదు. ఉప్పైనా తీపైనా చేతి కొలతే. మా అత్తగారు నేర్పింది అలాగే.

మధ్యాహ్నానికి మూడు డబ్బాలు నిండాయి. దేవుడి గదిలో పెట్టి, ఒక్కో డబ్బా మీద ఒక్కో తులసి దళం వేసి, హారతి ఇచ్చి బయటికి తెచ్చాను. పెద్ద డబ్బా చూపించి, ఇది మీ అమ్మావాళ్లకు అని పిల్లతో గొప్పగా చెప్పాను. పిల్ల ఆ తులసాకు వైపు చూసింది. ఏమైందే అని రెండుసార్లు అడిగాక, తల వంచుకుని చెప్పింది.

"అత్తా, నేనైతే తింటాను గాని ఇవి అమ్మ తినదు. దేవుడికి పెట్టినవి మా ఇంట్లో తినరు."

నాకు ముందొచ్చింది కోపమే. మా సామికి పెట్టింది మీకు చేదా అని నోటిదాకా వచ్చింది. పిల్ల పొట్ట చూసి మింగేశాను. మింగాక, నిశ్చితార్థం నాటి ఆకు కళ్లముందుకొచ్చింది. ఆ ఆకులో పులిహోర, చక్కెర పొంగలి, ఆఖరికి పప్పూ అన్నమూ కూడా సామికి చూపించనిది ఒక్కటి లేదు. మా ఇంట్లో ఎప్పుడూ ఉండదు. ఆవిడ మూడుసార్లూ తాగిన మంచినీళ్లు తప్ప.

రెండేళ్లు ఎందుకు చెప్పలేదని అడిగితే, మీరు బాధపడతారని అమ్మే వద్దనింది అంది పిల్ల.

"సామికి పెట్టకముందైతే తింటుందా?"

"తింటాది అత్తా."

"అంతేనా?"

"అంతే."

ఇంత చిన్న సంగతా అనిపించింది. ఆలోచించే కొద్దీ నాకది చిన్నదిగా లేదు. పెళ్లై వచ్చిన నాటి నుంచి సామి కంటే ముందు నేను మెతుకు నోట్లో పెట్టింది లేదు. ఒక రోజంతా అదే ధ్యాస. మా ఆయనకు చెప్తే, తక్కెడ తుడుచుకుంటూ, "అంగడిలో బెల్లమూ రవ్వా నైవేద్యం పెట్టే అమ్ముతున్నామా ఏమే?" అన్నాడు. ఆ మనిషి అప్పుడప్పుడూ పనికొచ్చే మాటంటాడు.

మొదటి మూడు డబ్బాలూ వీధిలో పంచేశాను. పండగ ముందురోజు మడి లేకుండా, రోజూ కట్టే నూలుచీరతో మళ్లీ పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఈసారి పిల్ల నా పక్కనే కూర్చుని కజ్జికాయల అంచులు మడిచింది. మొదటిది నూనెలోంచి తీసి నా చేతిలో పెట్టి నా మొహం చూస్తోంది. నేను దేవుడి గది వైపు ఒకసారి చూశాను. కళ్లు మూసుకుని కొరికాను.

తీపి తక్కువ.

మరోసారి కొరికాను. తక్కువే. ఇన్నేళ్లూ నా కజ్జికాయలు చప్పగానే ఉన్నాయా? ప్రసాదమని కళ్లకద్దుకుని తినడమే గాని నేనెప్పుడూ తీపి చూసింది లేదు. ఇంట్లోవాళ్లు ఒక్కరూ చెప్పలేదు. సామి అసలే చెప్పలేదు. పిల్లను నిలదీస్తే, "కొంచెం తక్కువే అత్తా, చెప్తే ఏమనుకుంటారోనని" అంది. నాకు నవ్వాగలేదు. పప్పులపొడిలో ఇంకో గిద్దెడు చక్కెర కలిపాను.

పండగనాడు సాయంత్రం వాళ్లొచ్చారు. వియ్యపురాలు తెల్లచీర కట్టుకుంది. కూతురి తల నిమిరింది, వాకిట్లో నా ఏడు కోణాల ముగ్గు బాగుందంది. నేను పళ్లెం తెచ్చి ముందు పెట్టాను. ఆవిడ చెయ్యి అలవాటుగా పొట్ట మీదికి వెళ్లింది.

"ఇవి సామికి పెట్టలేదు వదినా," అన్నాను. "ముందు నేనే తిన్నాను."

పళ్లెంలోంచి ఒక కజ్జికాయ విరిచి, సగం ఆవిడ ముందే నా నోట్లో వేసుకున్నాను. రెండో సగం ఆవిడకిచ్చాను. ఆవిడ కూతురి వైపు చూసింది, నా వైపు చూసింది. తింది. ఇంకొకటి తీసుకుంది. నేను పళ్లెం ఇంకాస్త ముందుకు జరిపాను. మూడోది తింటూ, గొంతు తగ్గించి, నాకొక్కదానికే వినిపించేలా చెప్పింది.

"నిశ్చితార్థం పొద్దు నాలుగ్గంటలకే బయల్దేరినాము వదినా. దావలో యాడా ఏం తినలేదు. మీ ఇంట్లో నెయ్యి వాసన. ఆ పొద్దు నాకు ఎంత ఆకలేసిందో."

ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను. నాలుగో కజ్జికాయ తీసి ఆవిడ చేతిలో పెట్టాను.