బెరిల్ పక్కన పెట్టిన ఓటు

ఓట్ల లెక్కింపులో చూసింది బయట చెప్పనని నేను ప్రమాణపత్రం మీద సంతకం చేశాను. ఒకసారి కాదు, పద్నాలుగు సార్లు. అయినా ఇప్పుడు చెబుతున్నాను. బెరిల్ థ్వైట్ పోయి ఏడాదిన్నర దాటింది. వాళ్లన్న క్లిఫ్ అంతకు ముందే పోయాడు. ఇంకా నన్ను పట్టుకుని శిక్షించాలని ఎవరికైనా ఉంటే హాలింగ్‌డెన్ టౌన్ హాల్లో మెట్ల కింద మూడో తలుపు తట్టండి. శ్మశానాల సెక్షన్. గ్లెనిస్ అంటే ఎవరైనా చూపిస్తారు.

బెరిల్ మా ఊళ్లో పేరున్న మనిషేమీ కాదు. ముప్ఫై రెండేళ్లు బడి పిల్లలకు మధ్యాహ్నం భోజనం వడ్డించింది. మేయర్ కొడుకైనా, చాకిరీ చేసుకునే వాళ్ల పిల్లాడైనా పళ్లెంలో పడేది ఒకే గరిటె బంగాళదుంప ముద్ద. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "అడిగినవాడు నచ్చలేదు, నచ్చినవాడు అడగలేదు, ఈలోగా టీ చల్లారిపోయింది" అనేది. కోల్డ్ లేన్‌లో కౌన్సిల్ వాళ్లిచ్చిన ఇంట్లో అన్నాచెల్లెళ్లిద్దరే ఉండేవాళ్లు.

ఏటా మే నెలలో కౌన్సిల్ ఎన్నికలొస్తే బెరిల్ ఓట్లు లెక్కపెట్టడానికి వచ్చేది. పదవి కాదు, ఉద్యోగమూ కాదు, ఒక్క రోజు పని. అయినా ఆ రోజు కోసం జుట్టు సెట్ చేయించుకునేది. కాగితాలు జారకుండా బొటనవేలికి గులాబీ రంగు రబ్బరు తొడుగు, పక్కన రేకు డబ్బా నిండా తను చేసిన అల్లం బిస్కట్లు. డబ్బా మూత మీద రాణిగారి బొమ్మ ఎప్పుడో చెరిగిపోయి ఒక్క టోపీ మిగిలింది. మొదటిసారి ఆమె పక్కన కూర్చున్న రోజు నాకో మాట చెప్పింది. "ఏమే పిల్లా, కాగితం మీద ఉన్నదే లెక్క. వాళ్ల మనసులో ఏముందో అది నీకూ నాకూ అనవసరం."

క్లిఫ్ సంగతి చెప్పకుండా బెరిల్ సంగతి చెప్పలేను. ఆయన రైల్వే పార్సిల్ ఆఫీసులో ముప్ఫై ఎనిమిదేళ్లు పనిచేశాడు. వచ్చిన ప్రతి మూటకూ, పోయిన ప్రతి పెట్టెకూ సంతకం. సి. థ్వైట్ అని పూర్తిగా రాసి, కింద రెండు గీతలు. తర్వాత్తర్వాత జ్ఞాపకశక్తి పోయింది. ఏ రోజు ఏ వారమో తెలిసేది కాదు, వాళ్లమ్మ పోయిన సంగతి ప్రతి నెలా కొత్తగా తెలిసేది. సంతకం మాత్రం పోలేదు. చేతికి పెన్ను అందిందంటే సంతకమే. పాలవాడి చీటీ మీద, చర్చిలో పాటల కాగితం మీద, ఒకసారి చెయ్యి విరిగిన మినీబస్సు డ్రైవర్ సిమెంటు కట్టు మీద కూడా పెట్టాడు. "ఇంక నన్ను డెలివరీ చేసినట్టేగా!" అని డ్రైవర్ నవ్వాడు.

ఆ మినీబస్సు లార్క్ హౌస్‌ది. క్లిఫ్‌లాంటి ముసలివాళ్లను పొద్దున తీసుకెళ్లి సాయంత్రం దిగబెట్టే కౌన్సిల్ వారి పగటి కేంద్రం అది. వారానికి నాలుగు రోజులు. మిగతా రోజుల్లో క్లిఫ్ పార్సిల్ ఆఫీసు వెతుక్కుంటూ పోయేవాడు. రెండుసార్లు రైలు పట్టాల మీంచి పోలీసులు తీసుకొచ్చారు. బెరిల్‌కి తుంటి అరిగిపోయింది, వెంటపడి పట్టుకునే శక్తి లేదు.

"లార్క్ హౌస్ ఉన్నన్నాళ్లే వాడు నా దగ్గర ఉంటాడు" అంది ఒకరోజు నాతో. "అది మూసేస్తే వాణ్ని ఏదో ఒక ముసలివాళ్ల హోమ్‌లో పెట్టేస్తారు. పెట్టేస్తే వాడు బతకడు గ్లెనిస్."

ఆ ఏడు ఎన్నిక సరిగ్గా దాని మీదే నడిచింది. కౌన్సిల్లో రెండు పక్షాలూ సరిసమానం. తేలాల్సింది మా కోల్డ్ లేన్ సీటు ఒక్కటే. పాత సభ్యుడు నోరిస్ పెల్ లార్క్ హౌస్‌ని ఉంచుతామన్నాడు. అవతల నిలబడ్డ ఎలెన్ గ్రిమ్‌షా పక్షం దాన్ని మూసి స్థలం అమ్ముతామంది. ఎలెన్ రాక్షసేమీ కాదు. మా అమ్మ అంత్యక్రియలకు కేకు చేసి తెచ్చింది. "భవనం పాతబడిపోయింది" అనేది ఎంతో మర్యాదగా. ఆ మర్యాద వింటుంటే నాకు ఒళ్లు మండేది.

పోలింగ్‌కి వారం ముందు లార్క్ హౌస్ గేటు దగ్గర ఎవరో మనిషి టేపు పట్టుకుని గోడ కొలుస్తున్నాడు. బెరిల్ అడిగింది.

"ఎవరు పంపారయ్యా నిన్ను?"

"తెలీదమ్మా. కొలవమన్నారు, కొలుస్తున్నా."

"ఓట్లు ఇంకా వెయ్యలేదు కదా?"

"నా చేతిలో ఉన్నది టేపేనమ్మా" అని వాడు కిటికీల వైపు వెళ్లాడు. అదే సాయంత్రం మినీబస్సు డ్రైవర్ మా ఇద్దరికీ తన డ్యూటీ పట్టిక చూపించాడు. ఆగస్టు ఆఖరు వరకే ఉంది, ఆ కింద ఖాళీ. ఆ ఖాళీ చూసినప్పటి నుంచీ నా మనసు కీడు శంకిస్తూనే ఉంది. బెరిల్ మాత్రం కాగితం మడిచి ఇచ్చేసి, "అచ్చువాళ్లు మర్చిపోయి ఉంటారు" అంది. ఆమె తనకు తాను అబద్ధం చెప్పుకోవడం నేను వినడం అదే మొదటిసారి.

గురువారం పోలింగ్. చర్చి హాల్లో ఓటు కాగితాలు ఇచ్చే బల్ల దగ్గర ఉన్నది నేనే. బెరిల్ క్లిఫ్‌ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయనకు టై కట్టింది. మా పెద్దాఫీసరు దయగలవాడు, "చెల్లెలు కూడా లోపలికి వెళ్లొచ్చు, ఒక ఫారం రాసిస్తే చాలు" అన్నాడు.

"అక్కర్లేదండీ" అంది బెరిల్. "వాడి ఓటు వాడిది. ఎవరికి వెయ్యాలో వాడికి తెలుసు."

క్లిఫ్‌కి నిజంగానే తెలుసు. లార్క్ హౌస్ ఉంచే మనిషి పేరు పెల్ అని పొద్దుటి నుంచీ వల్లించుకుంటూనే ఉన్నాడు. కాగితం తీసుకుని ఓటేసే చెక్క అర వెనక్కి వెళ్లాడు. ఒక నిమిషం గడిచింది. మరొకటి గడిచింది. పెన్సిల్‌కి కట్టిన దారం బల్ల అంచుకు రాసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఒక్క గుర్తు పెట్టడానికి ఇంతసేపా?" అంది బెరిల్, ఆయన బయటికొచ్చి పెట్టెలో కాగితం వేశాక.

"ఏ పనైనా పూర్తిగా చెయ్యాలి బెరీ" అన్నాడు క్లిఫ్ టై సర్దుకుంటూ. అందరం నవ్వాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

శుక్రవారం పొద్దున ఈత కొలను పక్కనున్న ఆటల హాల్లో లెక్కింపు. గోడ అవతల నుంచి క్లోరిన్ వాసన, పిల్లల కేకలు. తలుపు మీద అంటించిన జాబితా చూసుకుంటే మా ఇద్దరికీ వచ్చింది కోల్డ్ లేన్ బల్ల. బెరిల్ రబ్బరు తొడుగు తగిలించుకుంది. బల్లకు అవతల అభ్యర్థుల మనుషులు నిలబడి మా చేతులు చూస్తుంటారు. ముట్టుకోకూడదు, చూడొచ్చు. పెల్‌కి ఒక తొట్టె, గ్రిమ్‌షాకి ఒకటి, అనుమానం ఉన్నవాటికి మధ్యలో మరొకటి. పాతికేసి కాగితాలు ఒక కట్ట.

పదకొండు దాటాక బెరిల్ చెయ్యి ఆగింది.

పద్నాలుగేళ్లలో ఆ చెయ్యి మధ్యలో ఆగడం నేను చూడలేదు. ఆమె ముందున్న కాగితంలో పెల్ పేరు ఎదుట గడిలో గుర్తు చక్కగా, ఎక్కడా బయటికి పోకుండా ఉంది. దాని కింద సి. థ్వైట్. దాని కింద రెండు గీతలు.

ఓటరు ఎవరో తెలిసిపోయేలా రాత ఉంటే ఆ ఓటు చెల్లదు. ఆ సంగతి మా ఇద్దరికీ బడి పాఠంలా వచ్చు. అవతల పెల్ మనిషి ఫోను చూసుకుంటున్నాడు, గ్రిమ్‌షా మనిషి సాండ్‌విచ్ పొట్లంతో తంటాలు పడుతున్నాడు.

"ఎవరూ చూడలేదు" అన్నాను పెదవులు కదలకుండా. "పెల్ కట్టలో మధ్యన పెట్టెయ్యండి."

ఆమె బొటనవేలు ఆ కాగితం అంచు మీదే ఉంది.

"బెరిల్, అది ఎవరిదో..."

"ఎవరిదో నాకు తెలుసు" అంది. "అందుకే కదే చెల్లనిది."

కాగితాన్ని మధ్య తొట్టెలో పెట్టింది. బోర్లా కాదు, సంతకం పైకి కనబడేలాగే. తర్వాతి కాగితం అందుకుంది. నేనైతే కలిపేసేదాన్ని. అప్పుడూ అదే అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను. ఆ క్షణంలో ఆమె మీద నాకు కోపం వచ్చింది. అంత కోపం ఎందుకంటే, నా చెయ్యి కూడా చాపితే అందేంత దూరంలోనే ఉంది, నేనూ చాపలేదు.

ఎన్నికల అధికారి హ్యారోప్ అనుమానపు కాగితాలు ఒక్కొక్కటే ఎత్తి అందరికీ చూపించాడు. క్లిఫ్‌ది వచ్చేసరికి పెల్ మనిషి గొడవకు దిగాడు.

"గుర్తు మావాడి గడిలోనే ఉంది కదండీ! ఇంకేం కావాలి మీకు?"

"ఓటరు పేరు కూడా ఉంది. చెల్లదు" అని హ్యారోప్ ముద్ర కొట్టాడు. బెరిల్ ఆ ముద్ర చప్పుడుకి కళ్లు మూసుకుంది.

ఒంటిగంటకు లెక్క తేలింది. పెల్‌కి ఆరు వందల పదకొండు. గ్రిమ్‌షాకి ఆరు వందల పదకొండు. మళ్లీ లెక్కపెట్టించారు. మూడోసారీ లెక్కపెట్టించారు. అంకె మారలేదు. హాలంతా గుసగుసలు ఆగిపోయాయి. అవతల కొలనులో ఎవరో విజిల్ ఊదడం తప్ప ఏ చప్పుడూ లేదు.  ఒక్క ఓటు. దాన్ని పెల్ కట్టలో కలిపెయ్యడానికి వీలుండిందని అంతమందిలో తెలిసింది మా ఇద్దరికే.

సమానమైతే చీటీ తీయాలి, చట్టమే అది. హ్యారోప్ రెండు పేర్లు రెండు కాగితాల మీద రాసి మడిచాడు. వేయడానికి ఏదీ కనబడక అటూ ఇటూ చూసి మా బల్ల దగ్గరికొచ్చాడు.

"మిస్ థ్వైట్, మీ డబ్బా ఒకసారి ఇస్తారా?"

బెరిల్ మిగిలిన నాలుగు బిస్కట్లూ రుమాల్లో పెట్టి, లోపలి పొడి దులిపి డబ్బా ఇచ్చింది. ఏటా అందరికీ బిస్కట్లు పంచిన డబ్బా. హ్యారోప్ దాన్ని ఆడించాడు, తల అటు తిప్పుకుని చెయ్యి పెట్టాడు, చీటీ విప్పాడు.

"ఎలెన్ గ్రిమ్‌షా."

ఒకవైపు చప్పట్లు మోగాయి. ఎలెన్ పాపం చప్పట్లు కొట్టలేదు, ఆమెకే నమ్మకం కలగలేదు. డబ్బా తిరిగొచ్చాక బెరిల్ మూత బిగించి సంచిలో పెట్టుకుంది. ఆ తర్వాత అందులో ఆమె ఏమీ దాచలేదు. మరుసటి మే నెలలో లెక్కింపుకూ రాలేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్తే క్లిఫ్ గుమ్మంలోనే అడిగాడు. "మనవాడు గెలిచాడా?"

"లేదు క్లిఫ్."

"అయ్యో. ఎంతలో పోయింది?"

"కొంచెంలో" అంది బెరిల్. అంతకు మించి చెప్పకూడదు, సంతకం చేసి వచ్చింది. ఆయన మర్నాడు మళ్లీ అడిగాడు, ఆ మర్నాడూ అడిగాడు. వేసవంతా రోజూ అడిగాడు, రోజూ కొత్తగానే బాధపడ్డాడు, రోజూ ఆమె కొంచెంలో అనే చెప్పింది.

ఆగస్టు ఆఖరి శుక్రవారం లార్క్ హౌస్ మూసేశారు. సెప్టెంబరులో క్లిఫ్ మూడోసారి పట్టాల మీద దొరికాడు. ఆ పదిరోజులకే హోమ్‌లో చోటు చూపించారు, ముప్ఫై మైళ్ల అవతల, బస్సులు మారి వెళ్లాలి. నా కార్లో నేనే తీసుకెళ్లాను. దారంతా ఆయన కిటికీలోంచి స్టేషన్లు వెతికాడు.

అక్కడ బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి ఆయన సామాన్ల జాబితా రాసి బెరిల్ ముందు పెట్టింది. పైజామాలు రెండు జతలు, రేజరు, చిన్న రేడియో, నీలం స్వెట్టరు. బెరిల్ పెన్ను తీసుకోబోయేసరికి క్లిఫ్ నిటారుగా కూర్చున్నాడు.

"ఇటివ్వు బెరీ. ఇది నా పని."

ఒక్కో వస్తువు మీదా వేలు పెట్టి పెట్టెలో ఉన్నదాంతో సరిచూశాడు. అన్నీ ఉన్నాయి. "ఈ పార్సిల్ ఎక్కడికి పోతుంది?" అని అడిగాడు ఆ అమ్మాయిని.

"ఎక్కడికీ పోదండీ. ఇక్కడికే."

"సరే" అని తృప్తిగా తలూపి సంతకం పెట్టాడు. సి. థ్వైట్, పూర్తిగా. కింద రెండు గీతలు. అమ్మాయి కాగితం చూసి, "బాగుందండీ, ఇది చాలు" అని ఫైల్లో పెట్టుకుంది.

బెరిల్ ఆ ఫైలు వైపే చూస్తూ నిలబడింది. నేను భుజం మీద చెయ్యి వేస్తే నావైపు తిరిగింది.

"చూశావా గ్లెనిస్," అంది, "ఇది చెల్లిందే."