ఉద్ధరిణి పూర్వాశ్రమం

జర్మనీలో, కొలోన్ ఫ్లోమార్క్ట్ అనే పాత సామాన్ల సంతలో దొరికిన పొట్టి వెండి చెంచా ఏడాదిగా మా ఇంట్లో ఉద్ధరిణి. ఈ రోజు వ్రతానికి పక్క ఫ్లాట్ డచ్ ఆవిడను పిలిచాం. అత్తయ్య తీర్థం పోస్తుంటే ఆవిడ చెంచాను గుర్తుపట్టి మురిసిపోయింది.

“ఇది మా వైపుదే, రెండు వందల ఏళ్ళ నాటిది. పూర్వం బిడ్డ పుడితే బ్రాందీలో ఎండుద్రాక్ష నానబెట్టి, ఈ ఒక్క చెంచాతోనే చుట్టాలందరూ ఒకరి తర్వాత ఒకరు తినేవారు.”

జర్మన్‌లో చెప్పిందంతా నేను తెలుగులో అత్తయ్యకు చెప్పాను. అత్తయ్య తీర్థం పోయడం ఆపేశారు.

“బ్రాందీ అంటే మందనుకుందాంలే. అందరూ ఒకే చెంచాతోనా? మరి ఎంగిలి కాదుటే?”

చెంచా ఇప్పుడు పసుపు నీళ్ళలో ఉంది. రెండు వందల ఏళ్ళ ఎంగిలి పోవాలంటే ఎన్నాళ్ళు నానాలో, తెలిసినవాళ్ళు చెప్పండి.